ఇంటిల్లిపాదికీ ఒకే అట్టు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "ఆరోగ్యం మీద ఓ పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. నేను డాక్టరును కాను. 36 ఏళ్ళు ఫైళ్ళు కుట్టి, రిజిస్టర్లు రాసి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. వైద్యం గురించి చెప్పే అర్హత నాకు లేదు. అందుచేత అట్ల గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఆ అట్టు వెనుక మా ఇంటి కథ ఒకటి ఉంది. మీలో చాలామంది ఇళ్ళలో కూడా అదే కథ నడుస్తోందని నా అనుమానం.

ఈ రోజు విశేషం మీకు తెలియనిది కాదు. 1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు పింఛను ఒకరి దయ కాదు, మనం చేసిన సేవకు దక్కిన హక్కు అని తీర్పు చెప్పింది. బాగానే ఉంది. ఆ హక్కుగా వచ్చిన డబ్బులో ఎంత భాగం నెల మొదటి వారంలోనే మందుల షాపుకు పోతోందో ఎవరికి వారే లెక్క చూసుకోండి. భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం ఒకటి 2023లో వెలువడింది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నదని అందులో అంచనా వేశారు. ఈ హాలులో చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో నాకు తెలుసు. నా చెయ్యే మొదట లేస్తుంది.

నాకు షుగరు ఉన్నట్టు 2004లో, ఇంకా ఉద్యోగంలో ఉండగానే తెలిసింది. ఆనాటి నుంచి మా ఇంట్లో నాకు వేరే కంచం ఏర్పడింది. అందరికీ ఇడ్లీయో దోశెయో, నాకు గోధుమరవ్వ ఉప్మా. మా కోడలు స్కూలు టీచరు. ఏడున్నరకల్లా బస్సు ఎక్కాలి. ఆ హడావిడిలో రెండు రకాల టిఫిన్లు చేసి, పిల్లల డబ్బాలు సర్ది పరుగెత్తేది. నా ఉప్మా చల్లారిన తరువాత నేనొక్కణ్ణీ హాల్లో కూర్చుని తినేవాణ్ణి. ఇది నా పథ్యం, నా క్రమశిక్షణ అని లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

నాలుగేళ్ళ క్రితం మన సంఘంవారు ఇదే భవనంలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. తోడుగా మా ఆవిడను తీసుకువచ్చాను. ఎలాగూ వచ్చింది కదా అని ఆవిడకూ రక్తపరీక్ష చేయించాను. షుగరు 300 దాటి ఉంది. డాక్టరుగారు "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగితే ఆవిడ మాట్లాడలేదు. ఇంటికి వచ్చిన తరువాత బీరువాలో చీరల అడుగు నుంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. రెండేళ్ళ క్రితం పక్కింటావిడతో వెళ్ళి చేయించుకున్న పరీక్ష రిపోర్టు అది. అరికాళ్ళు మంటలని రాత్రిళ్ళు తడిగుడ్డ కప్పుకునేది. వేడి చేసిందంటే నమ్మాను.

"ఎందుకు దాచావు?" అన్నాను.

"ఇప్పటికే మీకో వంట, పిల్లలకో వంట. ఆ పిల్ల పొద్దున్నే నాలుగున్నరకు లేస్తోంది. నాకు ఇంకో వంట ఎవరు చేస్తారండీ?" అంది.

మిత్రులారా, ఆఫీసులో ఏ కాగితం ఏ ఫైల్లో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. మా ఇంటి బీరువాలో ఉన్న కాగితాన్ని రెండేళ్ళు కనిపెట్టలేకపోయాను. నా వేరే కంచం వల్ల ఆవిడ ఆ రెండేళ్ళూ పిల్లలు వదిలేసిన ఇడ్లీలు, రాత్రి మిగిలిన అన్నం తిని కాలక్షేపం చేసింది. ఈ సంగతి తెలిసి కోడలు "అత్తయ్యా, ఒక్క మాట నాతో అనకూడదా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రాత్రి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ ఇంట్లో ఇక వేరే కంచం ఉండకూడదు. అందరూ తినగలిగే టిఫిను ఒకటే ఉండాలి. అది నేనే చెయ్యాలి.

అమెరికాలో ఉన్న మా మేనకోడలు ఈ సంగతి విని, అక్కడ బాదం పిండిలో కోడిగుడ్లు కొట్టి 'లో కార్బ్ పాన్‌కేకులు' వేసుకుంటారని చెప్పింది. అంటే పిండిపదార్థం తక్కువగా ఉండే అట్లన్నమాట. ఆలోచన మంచిదే గాని, ఆరుగురికి బాదం పిండితో అట్లంటే నా పింఛను మొదటి వారంలోనే అయిపోతుంది. మనకు పెసలు ఉండగా ఆ చింత ఎందుకు?

గుమాస్తా బుద్ధి కదా, ముందు లెక్క వేశాను. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2017లో మన ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించారు. వాటి ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. 100 గ్రాముల పొట్టు పెసల్లో సుమారు 46. మాంసకృత్తులు బియ్యంలో 8 గ్రాములైతే పెసల్లో 22కు పైగా. పీచు బియ్యంలో 3 గ్రాముల లోపు, పెసల్లో 17.

ఇప్పుడు అట్టుకు వద్దాం. మా ఇంట్లో దోశెల పిండికి ఒక పాలు మినప్పప్పుకు మూడు పాళ్ళు బియ్యం. 200 గ్రాముల దినుసు తీసుకుంటే దోశెల్లో పిండిపదార్థం 140 గ్రాములు దాటుతుంది. అదే 200 గ్రాముల పెసలతో 92 గ్రాములు. మాంసకృత్తులు దాదాపు రెట్టింపు, పీచు మూడింతలు. ఆ పీచు, మాంసకృత్తుల వల్ల తిన్నది నెమ్మదిగా అరుగుతుంది, షుగరు ఒక్కసారిగా పైకి లేవదు, పదకొండు గంటలకే మళ్ళీ డబ్బాలు వెతుక్కోనక్కరలేదు.

ఇక్కడ ఒక పొరపాటు ఒప్పుకోవాలి. గోధుమరవ్వ తింటే షుగరు రాదని పదిహేనేళ్ళకు పైగా నమ్మి కడుపునిండా తిన్నాను. అదే పట్టికలో గోధుమ, జొన్న, రాగి మూడింటిలోనూ పిండిపదార్థం 100కు 65 అటూ ఇటూగా ఉంది. పీచు ఉంది గనుక తెల్ల బియ్యం కన్నా మేలే. అంతమాత్రాన కొలత లేకుండా తినమని కాదు. పెసల్లోనూ పిండిపదార్థం తక్కువే గాని, అసలు లేకపోలేదు.

ఇక చేసే పద్ధతి. మొదటి రోజు నేను చేసిన నిర్వాకం చెబితే మీకు ధైర్యం వస్తుంది. మిక్సీ తిరగడం లేదని నీళ్ళు పోశాను. మళ్ళీ పోశాను. పిండి మజ్జిగలా అయింది. పెనం మీద పోస్తే అట్టు కాలేదు, గీకితే పచ్చటి ముద్ద వచ్చింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వింది. ఆ రిపోర్టు బయటపడిన తరువాత ఆవిడ నవ్వడం అదే మొదలు. కనుక ఆ ముద్ద వృథా పోలేదు.

ఆరుగురికి 400 గ్రాముల పొట్టు పెసలు కావాలి. దంపతులిద్దరే ఉంటే 125 గ్రాములు చాలు. రాళ్ళు ఏరి, రెండుసార్లు కడిగి, రాత్రి పడుకోబోయే ముందు నానబెట్టాలి. తెల్లవారి ఐదింటికి లేచేసరికి సిద్ధంగా ఉంటాయి. నానబెట్టడం మరచిపోకుండా ఉండడానికి మా ఇంట్లో గోడ క్యాలెండరుకు ఒక చీటీ గుచ్చాను. నీళ్ళు వంపేసి, ఐదారు పచ్చిమిరపకాయలు, రెండంగుళాల అల్లం ముక్క, చెంచాడు జీలకర్ర, తగినంత ఉప్పు వేసి రుబ్బాలి. మిక్సీలో ఒకేసారి కుక్కకుండా మూడు వాయిలుగా వేస్తే నీళ్ళు ఎక్కువ పట్టవు. మరీ వెన్నలా కాకుండా, వేళ్ళకు కాస్త పలుకు తగలాలి. గరిట నుంచి జారాలి గాని కారకూడదు. కరకరలాడడానికి గుప్పెడు బియ్యం కలపడం మన ఇళ్ళలో అలవాటు. నేను ఆ గుప్పెడు మానేశాను. పెనం సరిగా కాలితే బియ్యం లేకపోయినా అంచులు కరకరలాడతాయి.

పెసర పిండి పులియనక్కరలేదు. రుబ్బిన వెంటనే పోసుకోవాలి. రేపటికని దాస్తే పులిసి రుచి చెడుతుంది.

ఇనుప పెనం బాగా కాలనిచ్చి, సగానికి కోసిన ఉల్లిపాయను కాస్త నూనెలో అద్ది పెనమంతా రుద్దాలి. నీళ్ళు చిలకరిస్తే చుయ్‌మనాలి. వెంటనే మంట తగ్గించి, గరిటెడు పిండి మధ్యలో పోసి, లోపలి నుంచి బయటికి గుండ్రంగా తిప్పాలి. పెనం మరీ వేడిగా ఉంటే పిండి గరిటకే అంటుకుని వస్తుంది. ఇది నేను వారం రోజులు పడి నేర్చుకున్న రహస్యం. పైన ఉల్లిపాయ తరుగు, అల్లం తరుగు చల్లి, అట్లకాడ వీపుతో మెల్లగా అదిమి, చుట్టూ చెంచాడు నూనె వెయ్యాలి. నూనె సీసాతో కాదు, చెంచాతోనే వెయ్యాలి. అంచులు లేచి, అడుగు ఎర్రబడ్డాక మడిచి తీయడమే. 400 గ్రాములకు సుమారు పదహారు అట్లు వస్తాయి. ఒక్కో అట్టులో పిండిపదార్థం 11, 12 గ్రాములుంటుందని నా లెక్క. మా ఇద్దరికీ తలా రెండు, ఒక్కోరోజు రెండున్నర.

రెండుచోట్ల జాగ్రత్తపడాలి. మొదటిది, పెసరట్టులో ఉప్మా. హోటల్లో ఎమ్మెల్యే పెసరట్టు అని దర్జాగా పిలిచేది అదే. కడుపులోని బొంబాయిరవ్వతో తగ్గించిన పిండిపదార్థం మళ్ళీ వచ్చి చేరుతుంది. రెండోది, అల్లం పచ్చడి. పెసరట్టుకు దాన్ని మించిన జోడీ లేదు గాని, అందులో చింతపండుకు పోటీగా బెల్లం పడుతుంది. మేము బెల్లం నామమాత్రం చేశాం. రోజు విడిచి రోజు కొబ్బరి పచ్చడి.

మా చిన్న మనవడు మొదట్లో "తాతయ్యా, ఆకుపచ్చ దోశె నాకొద్దు" అని మొండికేశాడు. వాడి అట్టులో క్యారెట్ తురుము చల్లి, నేతితో కాల్చి, ఆదివారం కాస్త ఉప్మా కూడా పెడతాను. ఎదిగే పిల్లలు మనలా పథ్యం చెయ్యనక్కరలేదు. పిండి ఒకటే, పెనం ఒకటే. తేడా పైన చల్లేదాంట్లోనే. మూడు రోజులు పెసరట్టు, రెండు రోజులు బియ్యం లేకుండా మినపట్టు, ఒకరోజు నాలుగు రకాల పప్పులు కలిపి, అందులో మునగాకో మెంతికూరో వేసిన అట్టు. ఆదివారం పిల్లల ఇష్టం.

ఇప్పుడొక హెచ్చరిక. దీన్ని దయచేసి తేలికగా తీసుకోవద్దు. కొత్త ఉత్సాహంలో నేను ఒకరోజు ఒక్క అట్టు మాత్రం తిని, మాత్ర మాత్రం ఎప్పటిలాగే పూర్తిగా వేసుకుని, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి సబ్ ట్రెజరీకి నడిచి వెళ్ళాను. వరసలో నిలబడగా చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు బైర్లు కమ్మాయి. బతికి ఉన్నానని సంతకం పెట్టడానికి వెళ్ళి అక్కడే పడిపోయేవాణ్ణి. వెనుకనున్న మిత్రుడు గబగబా పంచదార వేసిన టీ తాగించి కాపాడాడు. తిండిలో పిండిపదార్థం తగ్గించినప్పుడు మాత్ర మోతాదు కూడా చూసుకోవాలని నాకు తెలియదు. షుగరు మాత్రలు, ఇన్సులిను వాడేవారు ముందు డాక్టరుకు చెప్పి మాత్రమే తిండి మార్చుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పప్పుధాన్యాలు ఎంతవరకు పనికివస్తాయో కూడా డాక్టరే చెప్పాలి.

ఫలితం అడుగుతారని తెలుసు. మా ఆవిడ షుగరు అదుపులోకి వచ్చింది. అరికాళ్ళ మంటలు పూర్తిగా పోలేదు, తగ్గాయి. ఆ రెండేళ్ళు దాచకపోతే ఇంకా తగ్గి ఉండేవేమో. మందులకు, సాయంత్రపు నడకకు రావలసిన వాటా వాటికి ఇచ్చి, మిగిలిందే అట్టు ఖాతాలో రాస్తున్నాను. కోడలు ఇప్పుడు ఐదున్నర దాకా పడుకుంటోంది. "మావయ్యగారూ, ఇంకోటి" అని కంచం చాపుతోంది.

సోదరులారా, సర్వీసులో ఉండగా మనకు టిఫిను ఎవరు, ఎన్నింటికి లేచి చేశారో చూడలేదు. ఇప్పుడు కావలసినంత తీరిక ఉంది. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక రెండు పనులు చెయ్యండి. మీ ఇంటావిడ ఆఖరిసారి రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో అడగండి. ఆవిడ జవాబు చెప్పే లోపల పెసలు నానబెట్టండి.

నాకిచ్చిన పది నిమిషాలు దాటిపోయినట్టున్నాయి.