గ్యారేజ్ కట్టడానికి పర్మిషన్ అక్కర్లేదా? ఇంగ్లాండ్‌లో మా గ్యారేజ్ పునాది కథ

 

ఇంగ్లాండ్‌లో ఇల్లు కొనడం గురించి ఎపిసోడ్ చేశాక ఎక్కువమంది అడిగింది ఒక్కటే. "బ్రో, ఇంటి వెనకాల ఖాళీ స్థలం ఉంది, విడిగా గ్యారేజ్ కట్టుకోవాలంటే పర్మిషన్ కావాలా?" రెండేళ్ళ క్రితం నాకూ ఇదే డౌట్. అప్పుడు నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను. ఒక సాయంత్రం నాలుగు పేజీలు చదివేసి "అక్కర్లేదు" అని డిసైడ్ అయిపోయాను. సగమే కరెక్ట్. మిగతా సగం నాకు మా నాన్న నేర్పించారు, అదీ వాట్సాప్ వీడియో కాల్‌లో. ఆ కథ చెప్తాను, ముందు రూల్స్ చూద్దాం.

మన ఊళ్ళలో అయితే మున్సిపాలిటీలో ప్లాన్ అప్రూవల్ తీసుకుంటే పనైపోయింది అనుకుంటాం. ఇక్కడ రెండు వేరు వేరు విషయాలు ఉన్నాయి. ఒకటి ప్లానింగ్ పర్మిషన్. అంటే ఎక్కడ కడుతున్నారు, ఎంత ఎత్తు కడుతున్నారు అని. రెండోది బిల్డింగ్ రెగ్యులేషన్స్. అంటే ఎలా కడుతున్నారు, అది గట్టిగా నిలబడుతుందా, నిప్పంటుకుంటే పక్కింటికి పాకుతుందా అని. ఒకదాంట్లో పాసైతే రెండోదాంట్లో పాసైనట్టు కాదు.

ముందు ప్లానింగ్. ఇండిపెండెంట్ ఇల్లు అయితే చాలాసార్లు అప్లికేషన్ అక్కర్లేదు. కానీ కొన్ని లిమిట్స్ ఉన్నాయి. గ్యారేజ్ ఇంటి ముఖభాగం కంటే ముందుకి రాకూడదు. ఒకే అంతస్తు ఉండాలి. చూరు 2.5 మీటర్లు దాటకూడదు. రెండు వైపులా వాలు ఉన్న కప్పు అయితే మొత్తం ఎత్తు 4 మీటర్లు, వేరే రకం కప్పు అయితే 3 మీటర్లు. సరిహద్దుకి 2 మీటర్ల లోపల కడితే ఏ కప్పు అయినా 2.5 మీటర్లే. ఫ్లాట్స్‌కి ఈ వెసులుబాటు లేదు. కొన్ని కొత్త కాలనీల్లో కూడా ముందే తీసేసి ఉంటారు. అందుకే మీ ఇంటి కాగితాలు ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు బిల్డింగ్ రెగ్యులేషన్స్. మన భాషలో చెప్పాలంటే ఇది సింపుల్ ఇఫ్-ఎల్స్. లోపలి ఫ్లోర్ ఏరియా 15 చదరపు మీటర్ల లోపు, లోపల ఎవరూ పడుకోరు అంటే మామూలుగా రూల్స్ వర్తించవు. 15 నుంచి 30 మధ్య అయితే ఇంకో షరతు ఉంది. సరిహద్దుకి కనీసం 1 మీటర్ దూరంలో ఉండాలి, లేదా ఎక్కువ భాగం కాలని మెటీరియల్‌తో కట్టాలి. 30 దాటితే అప్లికేషన్, ఇన్‌స్పెక్షన్ అన్నీ తప్పవు. నేను చెప్పేది ఇంగ్లాండ్ గురించే, స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు.

మొదటి తప్పు నేను ఇక్కడే చేశాను. 6 మీటర్లు బై 3 మీటర్లు, అంటే 18 చదరపు మీటర్లు, చెక్క గ్యారేజ్. కంచెకి 60 సెంటీమీటర్ల దూరంలో గీశాను. చెక్క కాలుతుంది, దూరం 1 మీటర్ లేదు. అంటే మినహాయింపు పోయినట్టే. అదృష్టం, ఇంకా కాగితం మీదే ఉంది. దాన్ని 1 మీటర్ దూరం జరిపాను.

రెండో తప్పు ఇంకా పెద్దది. బేస్ వేయడానికి ఒక కాంట్రాక్టర్‌ని పెట్టుకున్నాను. "మీది ఎగ్జెంప్ట్, ఎవరూ వచ్చి చూడరు, టెన్షన్ పడకండి" అన్నాడు. నాకు ఆ మాట భలే నచ్చింది. పని మొదలైన రోజు నేను మీటింగ్స్‌లో ఉన్నాను. మధ్యాహ్నం నాన్న కాల్ చేస్తే, గర్వంగా ఫోన్ తిప్పి గొయ్యి చూపించాను.

నాన్న ఒక్క నిమిషం చూసి, "ఒరేయ్, ఆ మట్టిలో చెక్క ముక్కలు కనిపిస్తున్నాయి. దిమ్మిస కొట్టారా?" అన్నారు.

"ఎగ్జెంప్ట్ నాన్నా, ఇక్కడ చెకింగ్ ఉండదు."

"చెక్ చేసేవాడు లేకపోతే నేల కుంగదా?"

నా దగ్గర సమాధానం లేదు. కిందికెళ్ళి చూస్తే నిజమే. పాత ఇటుక ముక్కలు, మట్టి, చెక్క, అన్నీ కలిపి ఒకేసారి పోసేశారు. చెక్క కుళ్ళిపోతే అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. వదులు మట్టి కుంగితే స్లాబ్ పగులుతుంది, గ్యారేజ్ తలుపు పట్టేస్తుంది. పని ఆపేయమన్నాను. వాతావరణం కొంచెం వేడెక్కింది. చివరికి అంతా తీయించి మళ్ళీ వేయించాను. రెండు రోజులు, కొంత డబ్బు అదనంగా పోయాయి. మా టీమ్‌లో రివ్యూ లేకుండా ఒక్క లైన్ కోడ్ కూడా ప్రొడక్షన్‌కి పంపేవాణ్ణి కాదు. ఇంటి దగ్గర మాత్రం ఏకంగా నాలుగు టన్నుల కాంక్రీట్ పంపించేసేవాణ్ణి.

లెక్క చూడండి. 18 చదరపు మీటర్లు, 100 మిల్లీమీటర్ల మందం అంటే 1.8 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు కాంక్రీట్ దాదాపు 2,400 కిలోలు. అంటే 4.3 టన్నులు. దాని మీద ఇంకా గ్యారేజ్, కారు. ఇదంతా మోసేది కింద ఉన్న నేలే.

అందుకే పొరలు గుర్తుపెట్టుకోండి. ముందు గడ్డి, పైమట్టి మొత్తం తీసేయాలి. తర్వాత 100 నుంచి 150 మిల్లీమీటర్ల నలగ్గొట్టిన రాయి. ఇక్కడ ఎంఓటీ టైప్ 1 అంటారు. దాన్ని పొరలు పొరలుగా పోసి ప్రతి పొరకీ మెషిన్‌తో దిమ్మిస కొట్టాలి. పైన సన్నటి ఇసుక పొర, దాని మీద తేమ రాకుండా 1200 గేజ్ ప్లాస్టిక్ షీట్, ఆ పైన కాంక్రీట్. ఇటుక గోడలతో కడితే గోడల కింద విడిగా పునాది కావాలి. మంచు వల్ల నేల ఉబ్బకుండా కనీసం 450 మిల్లీమీటర్ల లోతు, బంకమట్టి నేల అయితే కనీసం 750. దగ్గర్లో పెద్ద చెట్టు ఉంటే ఇంకా లోతు కావాలి, ఎందుకంటే వేర్లు నీళ్ళు లాగేస్తే బంకమట్టి కుంచించుకుపోతుంది.

కాంక్రీట్ పోశాక నాన్న మళ్ళీ అడిగారు, "నీళ్ళు పట్టావా?" అని. మన దగ్గర ఎండకి స్లాబ్ ఆరిపోకుండా మడులు కట్టి నీళ్ళు పెడతాం కదా. ఇక్కడ మార్చిలో భయం ఎండతో కాదు, రాత్రి పడే మంచుతో. అందుకే గోనె పట్టాలు కప్పాం. పది రోజులు కారు ఎక్కించలేదు. పూర్తి బలానికి 28 రోజులు పడుతుంది.

ఇంకొక ముఖ్యమైన విషయం. మనవాళ్ళు చాలామంది అడిగేది, "సమ్మర్‌లో అమ్మానాన్న వస్తారు, గ్యారేజ్‌లో మంచం వేస్తే సరిపోతుందిగా?" అని. వద్దండి, ప్లీజ్. పడుకునే ఏర్పాటు ఉంటే సైజు ఎంతున్నా మినహాయింపు పోతుంది. రూల్ సంగతి పక్కన పెట్టండి. మంటలొస్తే బయటపడే దారి, చలి ఆపే గోడలు, ఇవేవీ చూసుకోకుండా కట్టిన గదిలో మన పేరెంట్స్‌ని పడుకోబెడతామా? నాన్న అడగకపోతే నేనూ అదే చేసేవాణ్ణేమో.

చివరిగా మూడు. ఇంటి నుంచి గ్యారేజ్‌కి కొత్త కరెంట్ సర్క్యూట్ వేస్తే, గ్యారేజ్‌కి మినహాయింపు ఉన్నా వైరింగ్‌కి ఉండదు. రిజిస్టర్డ్ ఎలక్ట్రీషియన్‌తో చేయించి సర్టిఫికెట్ తీసుకోండి. పక్కింటి కట్టడానికి 3 మీటర్ల లోపల, వాళ్ళ పునాది కంటే లోతుగా తవ్వాలంటే 1996 పార్టీ వాల్ చట్టం ప్రకారం నెల ముందే నోటీస్ ఇవ్వాలి. పబ్లిక్ డ్రైనేజీ పైపుకి 3 మీటర్ల లోపల కడితే వాటర్ కంపెనీని అడగాలి.

కాంక్రీట్ పోయకముందే ప్రతి పొరకీ టేపు పెట్టి ఫొటో తీసి పెట్టుకోండి. పోశాక కింద ఏముందో ఎవరికీ కనిపించదు. నా ఫోన్‌లో ఆ ఫోల్డర్ ఇంకా ఉంది, దాని పేరు "నాన్న రివ్యూ".

ఈ వీడియో ఇల్లు కొంటున్న మీ ఫ్రెండ్‌కి పంపించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!