డిక్కీ మూలలో బేస్ పెట్టె

సబ్‌వూఫర్ పెడితే డిక్కీలో సామాన్లకు చోటుండదని చాలామంది వెనకాడతారు. చెక్కపెట్టె అయితే నిజమే. కానీ వెనక చక్రం పక్కన, డిక్కీ గోడ ఒంపు తిరిగేచోట ఓ మూల ఊరికే పడి ఉంటుంది. ఆ ఒంపుకి సరిగ్గా అతికేలా ఫైబర్‌గ్లాస్‌తో పెట్టె చేసుకోవచ్చు.

అసలు పెట్టె ఎందుకంటారా? స్పీకరు కోను ముందువైపు శబ్దం, వెనకవైపు శబ్దం కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బేస్ మిగలదు. పెట్టె ఆ రెంటినీ విడదీస్తుంది.

ముందు ఆ మూలంతా మాస్కింగ్ టేపు వేసి, పైన అల్యూమినియం ఫాయిల్ పరిచి, మైనం రాయాలి. లేకపోతే ఫైబర్‌గ్లాస్‌కి పట్టించే రెసిన్ అనే జిగురు కారునే పట్టుకుంటుంది! మైనంమీద గాజునారతో చేసిన గ్లాస్ మ్యాట్ ముక్కలు పరుస్తూ, బ్రష్షుతో రెసిన్ అద్దుతూ, గాలిబుడగల్ని నొక్కి బయటికి పంపాలి. తెల్లటి మ్యాట్ తడిసి, అడుగున ఉన్న ఫాయిల్ కనబడితే రెసిన్ పట్టినట్టే. గట్టిపడ్డాక ఊడదీసి మరికొన్ని పొరలు వేయాలి. గోడ పలచనైతే పాటకంటే పెట్టే ఎక్కువ వణుకుతుంది. స్పీకరు కూర్చునే ఎమ్‌డీఎఫ్ చెక్క రింగుని కర్రముక్కలతో నిలబెట్టి, సాగే ఫ్లీస్ గుడ్డ బిగించి, దానికీ రెసిన్, మ్యాట్ పట్టిస్తే ముందు ముఖం తయారు. లోపల ఎన్ని లీటర్లుందో థర్మోకోల్ గుళికలు పోసి కొలవండి. స్పీకరు కంపెనీ చెప్పిన లెక్కకు దగ్గరగా ఉండాలి.

ఒక్కమాట మాత్రం గట్టిగా చెబుతాను. రెసిన్‌తో పాటు దాన్ని గట్టిపరిచే కోబాల్ట్, హార్డెనర్ విడి సీసాల్లో ఇస్తే, ఆ రెండిటినీ నేరుగా కలపకండి, పేలే ప్రమాదం ఉంది. కోబాల్ట్ రెసిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డెనర్ పోయాలి, అదీ 100 గ్రాముల రెసిన్‌కి 1 నుంచి 2 గ్రాములే. పని ఆరుబయట చేయండి. చేతులకు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. రెసిన్ ఆవిరికి గుడ్డ మాస్కు చాలదు, ఆవిరిని ఆపే ఫిల్టరున్నదే కావాలి.