తొలి విదేశ సైకిలు యాత్ర - గమ్యనిర్ణయము



రెండు చక్రములపై లోకము చూచి రావలెనను కోరిక మన దేశమునకు కొత్తది కాదు. 1923 అక్టోబరులో బొంబాయి నుండి ఆరుగురు పార్శీ యువకులు సైకిళ్లపై ప్రపంచయాత్రకు బయలుదేరిరి. వారిలో ఆదీ హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా అను మువ్వురు యాత్ర పూర్తిచేసి 1928లో తిరిగి వచ్చిరి. 1926లో కలకత్తా విడిచిన బిమల్ ముఖర్జీ 1937లో ఇల్లు చేరెను. ఐర్లండు వనిత డెర్వ్లా మర్ఫీకి పదవ పుట్టినరోజున ఒక సైకిలును, ఒక అట్లాసును కానుకగా లభించినవి. భారతదేశమునకు సైకిలుపై పోవలెనని ఆమె అప్పుడే నిశ్చయించుకొనెను. ఇరువది యేండ్లకు పైగా వేచి, 1963లో ఒంటరిగా బయలుదేరి ఢిల్లీ చేరెను.

ఈ వృత్తాంతములు చదివిన కేంద్రప్రభుత్వోద్యోగికి ఉత్సాహము కలుగుట సహజము. కాని అతని స్థితి వేరు. ఏడాదికి జమయగు ఆర్జిత సెలవు 30 దినములు. అందులో ఇంటి శుభకార్యములకు, జబ్బులకు కొంత మిగుల్చుకొనవలెను. స్వంత పనిపై విదేశమునకు పోవుటకు పైయధికారి అనుమతి ముందుగా పొందవలెను. ఎల్.టి.సి. సరిహద్దు దాటి వర్తింపదు. కనుక అతనికి దొరకునది పది పండ్రెండు దినములు, స్వంత సొమ్ము, ఒక్క అవకాశము. ఆ యొక్క అవకాశము చెడినచో సైకిలు వరండాలో గోడకు చేరును, మరల కదలదు.

ఒంటరి యాత్రికునికి కలుగు చిక్కులు గుంపునకు కలుగవు. అతడు స్నానమునకు పోయినప్పుడు సైకిలును కనిపెట్టి యుండువారు లేరు. జ్వరము వచ్చినచో మందు తెచ్చువారు లేరు. అన్నిటికంటె ముఖ్యము, మొదటిసారి పోవువానికి తన బలమెంతయో తెలియదు. మొదటినాడు 80 కిలోమీటర్లు తొక్కినవాడు మూడవనాడు 40 తొక్కలేకపోవచ్చును. చేరవలసిన ఊరు దూరముగా నుండి, తిరుగు టిక్కెట్టు తేది నిర్ణయమై యున్నచో, అతడు జ్వరముతోనైనను తొక్కును. ప్రమాదములు అట్టి వేళలయందే కలుగును. అందుచేత ఏ దేశము సుందరమైనదని విచారించుటకు ముందు, నడుమ ఎచ్చట ఆగవలసి వచ్చినను ఇల్లు చేరుట సులభమైన దేశమేదని విచారింపవలెను.

ఐరోపాలో డాన్యూబు నదీతీరపు సైకిలు బాట ప్రసిద్ధమైనది. పసావు నుండి వియన్నా వరకు చాలవరకు సమతలము. కాని వీసా, విమాన వ్యయము, సైకిలును విప్పి పెట్టెలో కట్టుట, మరల బిగించుట అను పనులన్నియు తొలియాత్రకే మీదపడును. అది రెండవ యాత్రకు తగినది. భూటానులో 2022 సెప్టెంబరు నుండి భారతీయులు రాత్రికి 1,200 రూపాయలు రుసుము చెల్లించుచున్నారు. పైగా కనుమలు ఎత్తైనవి. సింహళము మంచి గమ్యమే. అచ్చటను రోడ్డుకు ఎడమప్రక్కనే పోవుదురు, తీరప్రాంతము చదునైనది. అయినను మధ్య సముద్రమున్నది. ఒక తీరమున వానలు తగ్గునప్పుడు వేరొక తీరమున మొదలగును.

ఇక నేపాలు. భారతీయుడు వీసా లేకయే పాస్‌పోర్టుతోగాని ఓటరు గుర్తింపు కార్డుతోగాని అచ్చటికి పోవచ్చును. గోరఖ్‌పూర్ వరకు రైలు కలదు. సునౌలీ వద్ద సరిహద్దు దాటినచో బుద్ధుడు జన్మించిన లుంబిని సుమారు 25 కిలోమీటర్లు. అచ్చట 1896లో బయల్పడిన అశోకస్తంభము చూచి, బుట్వల్, నారాయణఘాట్, హెటౌడా మీదుగా బీర్‌గంజ్ చేరి, రక్సౌల్‌లో రైలెక్కవచ్చును. అంతయు 300 కిలోమీటర్ల పైచిలుకు. తరాయి ప్రాంతములో సైకిలు సామాన్యుని వాహనము; పంక్చరు వేయువాడు బజారులో దొరకును. నేపాలీ నాగరిలిపిలో వ్రాయబడును గనుక హిందీ నేర్చిన తెలుగు ఉద్యోగి బోర్డులు చదువుకొనగలడు. బలము చాలనిచో సైకిలును బస్సుపై వేసికొని సరిహద్దునకు మరలవచ్చును. ఈ తిరుగుదారి యుండుటయే ఇతర దేశములకంటె దీనికి గల ఆధిక్యము.

నేపాలు కూడ విదేశమేనా యని కొందరు నవ్వవచ్చును. సరిహద్దు దాటగనే గడియారము 15 నిమిషములు ముందుకు జరుగును. మన 100 రూపాయలు 160 అగును. గోడమీది క్యాలెండరులో విక్రమశకము కనబడును. చట్టము వేరు, పోలీసు వేరు, ఆసుపత్రి వేరు. పరదేశములో ఒంటరిగా మెలగు విధమును నేర్చుకొనుటకు ఇంతమాత్రము చాలును.

ఋతువును మరువరాదు. జూను నుండి సెప్టెంబరు వరకు వానలు. డిసెంబరు, జనవరి మాసములలో తరాయిపై దట్టమైన పొగమంచు. ఏప్రిలు, మే మాసములలో ఎండలు. అక్టోబరు చివర, నవంబరు, ఫిబ్రవరి, మార్చి మాసములు అనుకూలములు. రాజమార్గముపై లారీలు, బస్సులు విశేషము. కావున చీకటిపడిన పిమ్మట తొక్కరాదు.

సెలవు దరఖాస్తు పెట్టుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. యాత్రకు కొనిపోవు సామానంతయు సైకిలుకు కట్టి, తానున్న ఊరి పరిసరములలో వరుసగా మూడు దినములు తొక్కి చూడవలెను. మూడవనాడు అలసట లేక తొక్కిన దూరమెంతయో వ్రాసికొని, దానినిబట్టి దినములను లెక్కవేసి, పైన రెండు దినములు విశ్రాంతికి కలుపవలెను. ఆ లెక్కకు లోబడిన దేశమును ఎన్నుకొన్నవాడు క్షేమముగా తిరిగివచ్చును. మరుసటి యేడు ఇంకను దూరపు పటమును విప్పును.