డాన్ ఫోగెల్‌బర్గ్: శ్రోతలు మరువని గాయకుడు

మాటను కూర్చి, దానికి వరుస కట్టి, తానే నోరార పాడగలవానికి మన సంప్రదాయమున వాగ్గేయకారుడని పేరు. మాట ఒకరిది, వరుస మరియొకరిది, గొంతు ఇంకొకరిది అయినప్పుడు శ్రోత పాటను ప్రేమించును. మూడును ఒక్కరివే అయినప్పుడు పాటతోపాటు ఆ మనిషిని కూడ ప్రేమించును. ఈ ప్రేమ ఎంతకాలము నిలుచును? గాయకుడు కీర్తిశేషుడైన పిదప దాని గతి యేమి? ఈ ప్రశ్నలకు సమాధానముగా అమెరికా దేశపు గాయకుడొకరి కథను నేడు శ్రోతల ఎదుట ఉంచదలచినాము. ఆయన పేరు డాన్ ఫోగెల్‌బర్గ్.

ఆయన కాలమును గూర్చి ముందుగా రెండు మాటలు చెప్పవలసియున్నది. 1960 తరువాతి పదేండ్లలో రాక్ సంగీతము విద్యుత్ గిటార్ల ఘోషతో అమెరికాను ఊపివైచినది. 1970 దాటిన పిమ్మట ఆ ఘోష ప్రక్కనే మరియొక ధోరణి తలయెత్తినది. చెక్క గిటారు, పియానో, రెండు మూడు గొంతుల మేళవింపు ముందుకు వచ్చినవి. వీధిలోని ఊరేగింపునకు బదులు ఇంటిలోని మనిషి పాటకు వస్తువైనాడు. దీనికి సాఫ్ట్ రాక్ అని పేరు వచ్చినది. జేమ్స్ టేలర్, కరోల్ కింగ్, జాక్సన్ బ్రౌన్ మున్నగువారు ఈ త్రోవలో ప్రసిద్ధులు. మన లలిత సంగీతమునకును దీనికిని స్వరరచనలో పోలిక లేదు గాని, ఇంటిలో రేడియో ప్రక్కన కూర్చుండి, ఒంటరిగా వినదగిన పాట యను లక్షణము మాత్రము రెంటికిని సమానమే.

ఫోగెల్‌బర్గ్ 1951 ఆగష్టు 13వ తేదీన ఇల్లినాయి రాష్ట్రమున, ఇల్లినాయి నదీతీరమున గల పియోరియా పట్టణములో జన్మించినారు. తండ్రి లారెన్స్ బ్యాండు మేళమునకు నాయకుడు. విద్యార్థులకు వాద్యములు నేర్పి, మేళములు కూర్చి, వారిచే వాయింపజేయుటయే ఆయన వృత్తి. తల్లి మార్గరెట్ స్కాట్లండు దేశమునుండి వచ్చినవారు. ఆమెయు సంగీతము తెలిసినవారే. తాతగారు ఇచ్చిన పాత హవాయి గిటారు బాలునికి మొదటి సొంత వాద్యము. పుస్తకము ముందుంచుకొని దానిని తనంత తానే సాధన చేసినాడు. సంగీతము ఆ యింట పండుగనాటి అలంకారము కాదు. అది దినదిన వ్యవహారము.

విశ్వవిద్యాలయములో ఆయన చిత్రలేఖనము చదువుచు, కాఫీ హోటళ్లలో గిటారు పట్టి పాడుచుండినారు. ఇర్వింగ్ అజాఫ్ అను యువకుడు ఆ పాట విని, దీనికి భవిష్యత్తు కలదని నమ్మినాడు. చదువు మధ్యలోనే నిలిచిపోయినది. 1972లో మొదటి రికార్డు 'హోమ్ ఫ్రీ' వెలువడినది గాని, జనుల దృష్టి దానిపై అంతగా పడలేదు. 1974లో జో వాల్ష్ పర్యవేక్షణలో తయారైన 'సూవెనీర్స్' ఆయనను దేశమునకు పరిచయము చేసినది. 1979 నాటి 'ఫీనిక్స్'లోని 'లాంగర్' అను ప్రేమగీతము మరుసటి ఏట అమెరికా పాటల పట్టికలో రెండవ స్థానమునకు ఎక్కినది. అక్కడి పెండ్లిండ్లలో దానిని ఎన్ని వేలసార్లు పాడియుందురో లెక్క లేదు.

ఇంత కీర్తి వచ్చినను, విమర్శకులలో పలువురు ఆయనను ఆదరించలేదు. పాటలో తీపి ఎక్కువైనదనియు, మనోవేదనను మెత్తని పట్టులో చుట్టి అమ్ముచున్నాడనియు వారి ఆక్షేపణ. ఈ మాటలో లేశమైనను నిజము లేదని మేము అనజాలము. ఆయన పాటలు కొన్ని నిజముగనే మితిమీరి తియ్యగా ఉండును. కాని తీపి ఒక్కటే అయినచో నలుబదియేండ్ల తరువాత నాలుకమీద ఏమియు మిగులదు. ఏదో మిగిలినది. అది ఏమో రెండు పాటల కథలు చెప్పును.

మొదటి పాట 'లీడర్ ఆఫ్ ది బ్యాండ్'. ఇది 1981లో వెలువడిన 'ది ఇన్నొసెంట్ ఏజ్' అను జంట రికార్డులోనిది. బ్యాండు మేళపు నాయకుడనగా తండ్రియే. ఒక చిన్న పట్టణములో పిల్లలకు బాకాలు, డోళ్లు నేర్పుచు వృద్ధుడైన ఉపాధ్యాయునికి ప్రపంచములో పేరు రాదు. ఆయన నేర్పిన విద్యతో కుమారునికి పేరు వచ్చినది. ఆ పేరును కుమారుడు తిరిగి తండ్రి పాదములచెంత ఉంచినాడు. నీ క్రమశిక్షణకును, నాకిచ్చిన స్వేచ్ఛకును, నా వాద్యములో పలుకుచున్న నీ రక్తమునకును కృతజ్ఞుడనని చెప్పుటయే ఆ పాట సారాంశము. చివర తండ్రి స్వయముగా బ్యాండునకు కూర్చిన సూజా గారి కవాతు స్వరము కొంతసేపు వినవచ్చును. అనగా పాటలో కుమారుడు తండ్రిని పొగడి ఊరకుండలేదు. కడపటి మాటను తండ్రికే విడిచిపెట్టినాడు.

ఈ కథలో మమ్ము కదిలించిన విషయము తేదీలలో ఉన్నది. పాట 1981లో వచ్చినది. లారెన్స్ ఫోగెల్‌బర్గ్ 1982 ఆగష్టులో మరణించినారు. మధ్యనున్న వ్యవధి ఒక ఏడాది మాత్రమే. ఆ ఏడాదిలో ఆయన ఆ పాటను విన్నారు. ఊరి బ్యాండు మాష్టరు దేశమందరికి తెలిసిన మనిషి అయినారు. ఒక్క ఏడాది ఆలస్యమై యుండినచో అదే పాట శ్రద్ధాంజలి అయియుండును. స్మృతిగీతములు వ్రాయువారు లోకమున ఎందరో కలరు. వినవలసినవాడు వినగలిగినప్పుడే చెప్పినవారు తక్కువ. తండ్రితో చెప్పదలచి చెప్పలేకపోయిన మాట ప్రతి మనిషి గుండెలోను ఒకటి ఉండును. ఆ శ్రోతకు ఈ పాట గాయకుని తండ్రిని గూర్చినది కాదు. తన తండ్రిని గూర్చినది.

రెండవ పాట 'సేమ్ ఓల్డ్ లాంగ్ సైన్'. 1980లో వెలువడిన ఈ పాటలో ఒక చిన్న కథ కలదు. క్రిస్మస్ ముందురాత్రి మంచు పడుచుండగా ఒకడు సరకుల దుకాణములో తన పూర్వపు ప్రియురాలిని అకస్మాత్తుగా చూచును. ఇద్దరును కారులో కూర్చుండి, గడచిన కాలమును తలచుకొందురు. ఆమెకు పెండ్లియైనది, సుఖముగా ఉన్నాననుటలో కొంత తడబాటు ఉన్నది. అతనికి పేరు వచ్చినది. దారి మాత్రము ఒంటరిది. మాటలు అయిపోవును. ఆమె కారులో వెడలిపోవును. అతడు నడచి ఇంటికి పోవుచుండగా మంచు వానగా మారును. ఇంతకంటె ఏమియు జరుగదు. చివరను మైకేల్ బ్రెకర్ వాయించిన సాక్సఫోను, పాత సంవత్సరమునకు వీడ్కోలు చెప్పు స్కాట్లండు పాట స్వరమును ఎత్తుకొని ముగించును.

ఇది కల్పన కాదు. 1975 క్రిస్మస్ ముందురాత్రి పియోరియాలోనే ఒక దుకాణమున ఇది జరిగినది. పండుగకు తల్లిదండ్రుల ఇంటికి వచ్చిన డాన్ మీగడ కొనుటకు పోయినారు. ఆమెయు తన పుట్టింటివారికొరకు పండుగ పానీయమునకు కావలసినది కొనుటకు వచ్చినారు. వారిద్దరును ఒకే ఉన్నత పాఠశాలలో చదివినవారు. పాట వచ్చినపిదప ఆ స్త్రీ యెవరని ఊరందరును ఊహలు చేసినారు. ఆయన పేరు చెప్పలేదు. ఆమెయు నోరు విప్పలేదు. డాన్ మరణించిన పిమ్మట, 2007 డిసెంబరులో, ఆమె స్వయముగా స్థానిక పత్రికకు ఆ సంగతి తెలియజేసినారు. పాటలో తన కన్నులు నీలములని యున్నవి గాని నిజమునకు ఆకుపచ్చనివనియు, తన అప్పటి భర్త వాస్తుశిల్పి కాదు, వ్యాయామోపాధ్యాయుడనియు ఆమె సవరించినారు. తక్కినదంతయు ఉన్నది ఉన్నట్లే.

ప్రసిద్ధమైన పాటలో తానున్నానని చెప్పుకొనుటకు ఎవరికి ఆశ కలుగదు? అట్టిది, ఒకరి సంసారమునకు చిక్కు కలుగరాదని ఆమె ఇరువదియేడేండ్లు మౌనము వహించినారు. ఆయనయు ఆ మౌనమును గౌరవించినారు. పాటలోని మర్యాద పాట వెలుపల కూడ నిలిచినది. శ్రోతలు ఇట్టి సంగతులను గుర్తింతురు. గాయకుడు పాడిన దానికిని బ్రతికిన దానికిని ఎడము లేదని తోచినప్పుడు అభిమానము నమ్మకముగా మారును. అభిమానము ఆరిపోవచ్చును; నమ్మకము త్వరగా ఆరదు. ఏటేట క్రిస్మస్ దినములలో అమెరికా రేడియో కేంద్రములు ఈ పాటను తప్పక వినిపించుచున్నవి. పుస్తకమైనచో వెదకి చదువవలెను. రేడియో పాట అట్లు కాదు. వంటయింటిలో పని చేసుకొనుచుండగా, కారు నడుపుకొనుచుండగా, పిలువకయే వచ్చి ప్రక్కన కూర్చుండును.

ఇది యౌవనముపై గల మమకారమే గాని పాటపై ప్రేమ కాదని కొందరు అందురు. తాము ఇరువదియేండ్ల వయస్సున విన్నదెల్ల అందరికి తియ్యగనే యుండునని వారి వాదము. కొంతవరకు నిజమే. కాని అదే ఏట, అదే పట్టికలో, దీనికంటె పైస్థానములో నిలిచిన పాటలు కొన్ని నేడు వాటిని కొన్నవారికే జ్ఞప్తికి రావు. యౌవనము అందరికి ఒకసారి వచ్చి పోయినదే. అది అన్ని పాటలను కాపాడలేదు. మనిషి పెద్దవాడగుకొలది కొన్ని పాటలు చిన్నవగును. కొన్ని వానితోపాటు పెరుగును. ఇరువదియేండ్లవాడు 'లీడర్ ఆఫ్ ది బ్యాండ్'ను కుమారుడుగా వినును. ఏబదియేండ్లకు తండ్రిగా వినును. పాట మారలేదు, విన్న చోటు మారినది.

2004 మే నెలలో ఫోగెల్‌బర్గ్‌కు ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ ఉన్నట్లు వైద్యులు కనుగొన్నారు. అప్పటికే వ్యాధి ముదిరినది. కచేరీలు ఆగిపోయినవి. అభిమానులనుండి పరామర్శలు వెల్లువగా వచ్చినవి. వారికి కృతజ్ఞత చెప్పుచు ఆయన తన బాధను వర్ణించుకొనలేదు. మగవారందరును ఏటేట తప్పక పరీక్ష చేయించుకొనవలెననియు, తనవలె ఆలస్యము చేయరాదనియు హెచ్చరించినారు. భార్యకొరకు వ్రాసిన ప్రేమగీతమొకటి ఆయన మరణానంతరము వెలువడగా, దాని ఆదాయము ఆ వ్యాధి పరిశోధనకు వినియోగమైనది. 2007 డిసెంబరు 16వ తేదీన, మెయిన్ రాష్ట్రమున సముద్రతీరపు తన ఇంట, ఏబదియారేండ్ల వయస్సున ఆయన కన్నుమూసినారు. అస్థికలను అట్లాంటిక్ సముద్రమున కలిపినారు.

సమాధి లేని మనిషికి అభిమానులు ఎక్కడ పూవులుంచవలెను? ఆ దుకాణము ప్రక్కనుండి పోవు వీధిలో కొంతభాగమునకు పియోరియా పట్టణము 2008లో ఫోగెల్‌బర్గ్ పేరు పెట్టినది. 2010 ఆగష్టులో నదీతీరపు ఉద్యానమున ఆయన స్మారకము వెలసినది. అది విగ్రహము కాదు. పాటలలోని పంక్తులు చెక్కిన రాళ్లు. ఆయనను ఎన్నడును కలిసికొనని మనుష్యులు అచట నిలిచి, రాతిమీది అక్షరములపై వ్రేలుంచి చదువుకొందురు. 2009లో, ఆయన పోయిన రెండేండ్లకు, 'లవ్ ఇన్ టైమ్' అను రికార్డు వెలువడినది. 2017లో కొలరాడో రాష్ట్రపు సంగీత గౌరవ మందిరమున ఆయనకు స్థానము దొరికినది. ఆ ఏడే గార్త్ బ్రూక్స్, విన్స్ గిల్ మున్నగు గాయకులు ఆయన పాటలను తమ గొంతులతో పాడి ఒక రికార్డుగా సమర్పించినారు. ఆక్షేపణలు పత్రికల పాత సంచికలలో ఉండిపోయినవి. పాటలు ఇండ్లలో ఉన్నవి.

ఈ అభిమానము వలన మనకు కలుగు ప్రయోజనమేమి యని శ్రోతలు అడుగవచ్చును. పరదేశపు గాయకుని పేరు తెలిసికొనుటయే ప్రయోజనమైనచో ఇంత ప్రసంగము అక్కరలేదు. మాకు తోచినవి రెండు. ఏబది దాటిన మగవారు, ఈ వ్యాధి విషయమున తమకు ఏ పరీక్ష ఎప్పుడు అవసరమో తమ వైద్యుని సిగ్గుపడక అడుగవలెను. ఇది ఆయన చివరి దినములలో అభిమానులకు అప్పగించిన మాట; వినినవారికెల్ల చెందును.

రెండవది ఇంకను సులభము. అయినను మనలో పలువురకు అదియే కష్టము. మన ఇంటిలో కూడ బ్యాండు మేళపు నాయకుడొకడు ఉండవచ్చును. ఆయన అక్షరములు నేర్పిన తండ్రి కావచ్చును, పాట నేర్పిన తల్లి కావచ్చును, బడిలో బెత్తము పట్టిన మాష్టరు కావచ్చును. మనకందరకు పాట కట్టు విద్య లేదు. మంచి మాట ఒకటి చెప్పుటకు ఆ విద్యతో పనిలేదు. వినవలసినవారు వినగలిగియుండగానే చెప్పుదము.