పొద్దున వెళ్లి పొద్దుగూకేలోపు తిరిగి వచ్చే ప్రయాణాలు

(ఖమ్మంలో విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, డి.ఎ. బకాయిలు, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు మన సమావేశాల్లో ఎప్పుడూ ఉండే అంశాలే. ఈరోజు కార్యదర్శిగారు నన్ను వేరే విషయం మాట్లాడమన్నారు. సెలవులకు పిల్లలు, మనవలు వస్తారు, నాలుగు రోజులుంటారు. ఎవరి ఫోను వారు చూసుకుంటూ ఉండగానే ఆ నాలుగు రోజులూ గడిచిపోతాయి. వాటిలో ఒక రోజు అందరం కలిసి ఒక బండిలో బయలుదేరితే బాగుంటుందని మనందరికీ ఉంటుంది. ఎక్కడికి వెళ్లాలి, ఎంత దూరం వెళ్లాలి అన్న రెండు ప్రశ్నలకే నా మాటలు పరిమితం చేసుకుంటాను.

మొదట దూరం సంగతి. ఇలాంటి ప్రయాణాన్ని బండి నడిపే అబ్బాయి ఓపికను బట్టి కాక, బండిలో అందరికంటే నీరసంగా ఉన్నవారిని బట్టి నిర్ణయించుకోవాలని నా మనవి. షుగరు ఉన్న అమ్మ, మోకాళ్ల నొప్పులున్న నాన్న, చంటిబిడ్డ - వీళ్లు తట్టుకోగలిగినదే మన దూరం. పోను రాను ఆరు గంటలకు మించి బండిలో కూర్చోవలసి వస్తే అది విహారం కాదు, శిక్ష.

ఈ లెక్కన మనకు అన్నిటికన్నా దగ్గరి దారి నేలకొండపల్లి, కూసుమంచి. ఖమ్మం నుంచి రెండూ ఇరవై పైచిలుకు కి.మీ. లోనే ఉన్నాయి. నేలకొండపల్లిలో బౌద్ధ మహాస్తూపం ఉంది, విరాటరాజు దిబ్బ ఉంది. భక్త రామదాసుగా మనం కొలిచే కంచెర్ల గోపన్న పుట్టిన ఊరు కూడా అదే. ఆయన మన కోవకు చెందినవాడేనని మనవలకు చెప్పండి. తానీషా కొలువులో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. పైవారి మంజూరు లేకుండా ఖజానా సొమ్ముతో గుడి కట్టించి గోలకొండ చెరసాల పాలైన ఉద్యోగి. మన ఆడిట్ పేరాలు ఆయనకు పడిన పేరా ముందు ఏపాటివి! ఇక కూసుమంచిలో కాకతీయుల కాలపు గణపేశ్వరాలయం, దాని దగ్గరే ముక్కంటేశ్వరాలయం చూసుకుని, పాలేరు జలాశయం ఒడ్డున అన్నం తిని, నాలుగింటికల్లా ఇల్లు చేరవచ్చు. పెద్దవాళ్లున్న ఇంటికి మొదటి ప్రయాణంగా నేను దీన్నే సూచిస్తాను.

రెండోది కిన్నెరసాని. వైరా, తల్లాడ, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం దాదాపు 80 కి.మీ. అక్కడి నుంచి పాల్వంచ, పాల్వంచ నుంచి మరో పది పన్నెండు కి.మీ. వెళితే డ్యాము. పాల్వంచలోని థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీళ్లిచ్చేది ఈ జలాశయమే. ఆ కేంద్రంలోని పాత యూనిట్లు మూతపడ్డాయి. ఎంతో దూరం నుంచి కనిపించే వాటి పాత కూలింగ్ టవర్లను 2024లో కూల్చివేశారు. అక్కడ పని చేసినవారు మన సభ్యుల్లో ఉంటే, ఆ టవర్ల కథ మనవలకు చెప్పగలిగేది ఇక వారే. డ్యాము దగ్గర జింకల పార్కు ఉంది, చుట్టూ అభయారణ్యం ఉంది. జలాశయంలో మొసళ్లున్నాయి. కనుక పిల్లలను నీళ్లలో దిగనివ్వకండి. విశ్వనాథవారి 'కిన్నెరసాని పాటలు' ఈ ఏటి మీద వచ్చినవే. ఇంట్లో పుస్తకం ఉంటే వెంట తీసుకువెళ్లండి. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకు ఇది అనువైన ప్రయాణం.

మూడోది భద్రాచలం. సుమారు 120 కి.మీ., మూడు గంటలు. మధ్యాహ్నం గుడి తలుపులు వేస్తారు కనుక తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితేనే స్థిమితంగా దర్శనం అవుతుంది. శ్రీరామనవమి, ముక్కోటి ఏకాదశి రోజుల్లో మాత్రం పెద్దవాళ్లను తీసుకువెళ్లకండి, ఆ జనంలో నిలబడడం వాళ్ల వల్ల కాదు. రైల్లో రమ్మని బంధువులకు చెప్పేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. భద్రాచలం రోడ్ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. గుడి అక్కడికి ఇంకా 40 కి.మీ. దూరం. 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్‌గారు ప్రారంభించిన వంతెన మీద గోదావరి దాటుతూ, అంతకు ముందు జనం పడవల మీద దాటేవారని పిల్లలకు చెప్పండి. 1959 వరకు భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేదని కూడా చెప్పండి.

భద్రాచలం దాకా వెళ్లాక పర్ణశాల కూడా చూద్దామని అందరికీ అనిపిస్తుంది. అది మరో 35 కి.మీ. పోను రాను లెక్క వేస్తే రోజు మొత్తం 310 కి.మీ., ఎనిమిది గంటల ప్రయాణం. నేను మొదట చెప్పిన హద్దు దాటింది. పర్ణశాల చూడాలనుకుంటే రాత్రి భద్రాచలంలో బస చేయండి. అప్పుడు దారిలో దుమ్ముగూడెం దగ్గర గోదావరి మీద బ్రిటిషువారి కాలంలో పడవల రాకపోకల కోసం కట్టిన ఆనకట్టను కూడా తీరిగ్గా చూడవచ్చు.

ఇక పాపికొండలు. కూనవరం, వి.ఆర్.పురం మీదుగా పోచవరం రేవుకు భద్రాచలం నుంచే సుమారు 70 కి.మీ. ఖమ్మం నుంచి ఒక్కరోజులో వెళ్లిరావాలనుకోవడం మంచిది కాదు. పైగా అది నీటి మీద ప్రయాణం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, వరద నీటిలో, 77 మంది ఉన్న విహారపు పడవ మునిగింది. సుమారు యాభై మంది ప్రాణాలు పోయాయి. వాళ్లూ మనలాగే సరదాగా ఒకరోజు గడుపుదామని కుటుంబాలతో బయలుదేరినవాళ్లే. అందుచేత మూడు నియమాలు చెబుతాను. జూలై నుంచి సెప్టెంబరు వరకు పడవ ఎక్కవద్దు. లైఫ్ జాకెట్ ఒంటి మీద బిగించుకోనిదే పడవ కదలనివ్వవద్దు. సీటు కింద ఉన్న జాకెట్ ఎవరినీ కాపాడదు. జనం ఎక్కువైతే డబ్బు పోయినా సరే, దిగిపోండి. "ఇంత దూరం వచ్చాం కదా తాతయ్యా" అని మనవడు బతిమాలినా, వద్దని చెప్పవలసింది ఇంటికి పెద్దలైన మనమే.

వానాకాలంలో భద్రాచలం వెళ్లేవారు ముందుగా గోదావరి మట్టం తెలుసుకోండి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71 దాటింది. 2024 సెప్టెంబరులో మున్నేరు మన ఖమ్మం కాలనీల్లోకి ఎలా వచ్చిందో మనం చూశాం. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే, అవి మోకాలి లోతే అయినా, బండి వెనక్కి తిప్పండి.

చివరిగా ఒక మాట. కూనవరం, వి.ఆర్.పురం 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. శబరి గోదావరిలో కలిసే ఆ ప్రాంతంలోని ఊళ్లు ఎన్నో పోలవరం ముంపులో ఉన్నాయి. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా బతికిన ఊళ్లవి. మనకు అది ఒకనాటి విహారం, వాళ్లకు అది ఇల్లు. అడగనిదే వాళ్ల ఫొటోలు తీయనివ్వకండి. సంతలో ఏదైనా కొంటే గీసి గీసి బేరమాడకండి. భద్రాచలం ఐ.టి.డి.ఎ. ప్రాంగణంలోని గిరిజన మ్యూజియం చూపించి, ఆ తర్వాతే పిల్లలను ఆ ఊళ్ల వైపు తీసుకువెళ్లండి. అడవిలో ప్లాస్టిక్ కవరు వదలకండి, నిప్పు వదలకండి, కోతులకు తిండి పెట్టకండి.

ప్రయాణానికి ముందు చూసుకోవలసినవి కొన్నే. రెండు పూటల మందులు, ఒంట్లో షుగరు పడిపోతే వెంటనే నోట్లో వేసుకోవడానికి బెల్లంముక్క, కాచిన నీళ్లు, ఆరోగ్య కార్డు, చీటీ మీద రాసిన ఫోను నెంబర్లు. పాల్వంచ దాటాక అడవి రోడ్డు కనుక చీకటి పడకముందే తిరుగు ప్రయాణం కట్టాలి. చూడవలసింది ఒకటి మిగిలిపోయినా ఫరవాలేదు. అది వచ్చే సెలవులకు పిల్లలను మళ్లీ రప్పించే సాకు అవుతుంది.