స్లాబుకు ముందు హిస్సా కాగితం

(నరసరావుపేటలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతంలో ఇంటికి కొత్త గది ఏ కాలంలో చేరుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. మిరప కల్లాలు లేచి, టిక్కీలు గుంటూరు యార్డుకు చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే వేసవిలోనే అది చేరుతుంది. యార్డులో మూట మోసినవారు, శీతల గిడ్డంగులలో పనిచేసినవారు, జిన్నింగు మిల్లులో దూదిధూళి పీల్చినవారు ఏడాదంతా కూడబెట్టినది ఇసుకగా, ఇనుముగా, సిమెంటుగా మారుతుంది. పెద్దబ్బాయికి నిఖా కుదిరింది, డాబా మీద ఒక గది వేయాలి. మేస్త్రీకి కబురు వెళుతుంది. కాగితాల సంగతి తరువాత చూసుకుందామంటాము. ఆ 'తరువాత' గురించే నేడు మేము మాట్లాడదలచాము.

మన పాత పేటలలో ఇళ్లు ఇరుకైనవి. దూదేకుల కుటుంబాలలో పని, వంట, నిద్ర అన్నీ ఒకే చావడిలో సాగిన రోజులున్నాయి. తాత కొన్న వంద గజాల స్థలంలో ఇప్పుడు ముగ్గురు అన్నదమ్ముల సంసారాలు ఉన్నాయి. పక్కకు జరగడానికి చోటు లేదు కనుక పైకి వెళ్లడం తప్ప మార్గం లేదు. ఇది దురాశ కాదు, అవసరం. అయితే చట్టం దృష్టిలో పై అంతస్తు కొత్త నిర్మాణమే. వెల్ల వేయడానికి, గచ్చు మార్చడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. గది వేయడానికి మాత్రం పట్టణాలలో 2017 మార్చి 28న వెలువడిన 119వ నంబరు జీవో ప్రకారం, అంటే ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాల ప్రకారం, అనుమతి పొందాలి. గ్రామాలలో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద పంచాయతీ అనుమతి కావాలి. ఇంగ్లండులో స్థిరపడిన మన బంధువులు కొందరు, అక్కడ ఇంటి వెనుక మూడు మీటర్ల మేర ఒక అంతస్తు గది వేసుకుంటే చాలా సందర్భాలలో ప్లాను అనుమతి అడగరని చెబుతుంటారు. నిజమే, అక్కడి చట్టం ఆ వెసులుబాటును ముందే ఇచ్చింది. దానిని నమ్ముకుని ఇక్కడ పునాది తవ్వరాదు.

ఇంటిపన్ను రసీదు గురించి ఒక మాట. ఈ రసీదే అనుమతి అని నమ్మినవారిని మేము ప్రతి పేటలోనూ చూశాము. అనుమతి లేని గదికి కూడా పన్ను వేస్తారు. పన్ను కట్టినంత మాత్రాన ఆ గది క్రమబద్ధం కాదు. 2007లో, 2015లో, 2019లో ప్రభుత్వాలు క్రమబద్ధీకరణ పథకాలు తెచ్చిన మాట వాస్తవమే. కాని ప్రతి పథకానికీ ఒక గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటి కట్టినవారికి అది వర్తించదు. రాబోయే పథకాన్ని నమ్మి స్లాబు పోయడం జూదంతో సమానం.

ఇక అసలు విషయం. ఒక కుటుంబం తరఫున మేము ఒక పట్టణ కార్యాలయానికి మూడుసార్లు తిరిగాము. ప్రతిసారీ దరఖాస్తు వెనక్కే వచ్చింది. మనవారు కనుకనే ఇలా చేస్తున్నారని మేము ఆగ్రహించాము, ఆ మాట పైకి కూడా అన్నాము. నాలుగోసారి దస్త్రం చూపించమని పట్టుబడితే తెలిసినదేమిటి? స్థలం ఇంకా మరణించిన తాతగారి పేరిటే ఉంది. అంతేకాదు, హిస్సా ఇవ్వకుండా పైన కడుతున్నారని ఆ ఇంటి ఆడపడుచే అభ్యంతరం రాసి ఇచ్చింది. మేము తలవంచుకుని బయటికి వచ్చాము.

కుమారుని వాటాలో సగం కుమార్తెకు చెందుతుందని మనం మింబరు మీద చెబుతాము, ఇంట్లో మరచిపోతాము. 'పెళ్లికి ఖర్చు పెట్టాము కదా' అన్న మాట షరీఅత్‌లో లేదు, దేశ చట్టంలోనూ లేదు. అక్కచెల్లెళ్ల వాటా తేలని స్థలం మీద లేచిన గోడ పురపాలక అధికారి కంటే ముందు ఇంటివారి ప్రశ్నకే నిలవదు. వారి వాటా డబ్బుగా ఇవ్వండి, లేక వారు ఇష్టపూర్వకంగా వదులుకుంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించండి. ఏమి రాసి ఉందో చెప్పకుండా వేలిముద్ర తీసుకునే పద్ధతిని మేము ఏ పేరుతోనూ సమర్థించము.

తండ్రి బతికుండగానే పై భాగాన్ని కుమారునికి నోటిమాటగా హిబా చేసిన కుటుంబాలూ ఉన్నాయి. ఇచ్చానని ప్రకటించడం, పుచ్చుకున్నవాడు అంగీకరించడం, స్వాధీనం అప్పగించడం అనే మూడూ జరిగితే హిబా చెల్లుతుంది. దానిని కాగితం మీద రాసుకున్నా రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు హఫీజా బీబీ కేసులో తీర్పు చెప్పింది. అది మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే. కాని కోర్టులో నిలిచే హక్కు వేరు, ప్లాను దరఖాస్తుకు జతచేయగల పత్రం వేరు. దరఖాస్తును పరిశీలించేవారు రిజిస్టరైన దస్తావేజునే అడుగుతారు. కనుక చెల్లే హిబాను కూడా రిజిస్టరు చేయించుకోవడమే వివేకం. వక్ఫ్ స్థలాలలో అద్దెకు ఉంటున్నవారి సంగతి వేరు. ఆ భూముల రిజిస్ట్రేషను 22ఏ సెక్షను కింద నిషిద్ధం. యజమానులమని రాసి దరఖాస్తు పెట్టకండి. ముందుగా వక్ఫ్ బోర్డును సంప్రదించండి.

నోటీసు వస్తే ఏమి చేయాలి? బుల్డోజరు భయం మన ఇళ్లలో ఊరికే పుట్టలేదు. 2022లో ఢిల్లీ జహంగీర్‌పురిలో కూల్చివేతలు జరిగినప్పుడు జమీయత్ ఉలమా సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ వ్యాజ్యాలపై 2024 నవంబరు 13న న్యాయమూర్తులు గవాయి, విశ్వనాథన్ తీర్పు ఇచ్చారు. కనీసం 15 రోజుల గడువుతో రిజిస్టరు తపాలాలో నోటీసు పంపాలి, దానిని గోడకూ అంటించాలి. ఏ ఉల్లంఘన జరిగిందో అందులో రాయాలి. యజమాని వాదన స్వయంగా వినాలి. కూల్చడం తప్ప వేరే దారి ఎందుకు లేదో కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి. ఆపైన మరో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. వీటిని అతిక్రమించిన అధికారి తన సొంత డబ్బుతో నష్టం పూడ్చవలసి రావచ్చు. అయితే రోడ్డు, కాలిబాట, రైలు మార్గం, చెరువు వంటి బహిరంగ స్థలాలలోని అనధికార కట్టడాలకు ఈ రక్షణ వర్తించదని అదే తీర్పులో ఉంది. మెట్లు వీధిలోకి దించినవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

మన గుంటూరు జిల్లా ఇప్పటం గ్రామం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2022 నవంబరులో రోడ్డు విస్తరణ కోసం అక్కడ ప్రహరీలను, ఇళ్ల ముందు భాగాలను పడగొట్టారు. గ్రామస్థులు హైకోర్టుకు వెళ్లగా మొదట స్టే లభించింది. అంతకుముందే నోటీసులు అందిన విషయాన్ని దాచారని తేలడంతో, అదే నెలలో 14 మంది పిటిషనర్లకు తలా లక్ష రూపాయలు చెల్లించమని కోర్టు ఆదేశించింది. ఆ వివాదంలోని రాజకీయం మనకు అప్రస్తుతం. నోటీసును తిప్పి పంపడం, చింపివేయడం, అందలేదని ప్రమాణం చేయడం మన పేటలలోనూ ఉన్న అలవాటే కనుక దీనిని ప్రస్తావించాము. నోటీసు అందితే తేదీ వేసి పుచ్చుకోండి. గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. జవాబు అందినట్లు ముద్ర వేయించుకోండి.

సభ ముగిశాక బయట బల్ల దగ్గర మాలో ఇద్దరు కూర్చుంటారు. మీ దస్తావేజు, వారసుల వివరాలు, పన్ను రసీదు, ఇప్పటికే వచ్చిన నోటీసు ఏదైనా ఉంటే అదీ తెచ్చి చూపండి. ఏ పత్రం లోపించిందో రాసి ఇస్తాము. ఇంటి ఆడపడుచులను వెంటబెట్టుకుని వచ్చినవారి కాగితాలు ముందుగా చూస్తాము.