లైన్ క్లియర్: ఒక చదువు చరిత్ర

మన మాస్టారు ఉద్యోగమంతా రైల్వేవాళ్లకు బ్లాక్ వర్కింగ్ పాఠమే చెప్పారు. ఆ పాఠం ఎక్కడి నుంచి వచ్చిందో ఈరోజు మనవి చేస్తాను.

తొలినాళ్లలో బండ్లను గడియారం చూసి వదిలేవారు. ఒకటి వెళ్లాక ఇన్ని నిమిషాలు ఆగి రెండోది. ముందుది దారిలో నిలిచిపోతే వెనకవాళ్లకు తెలిసే మార్గం లేదు. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర, పిల్లలను విహారానికి తీసుకెళ్తున్న రైలు ఎత్తు ఎక్కలేక ఆగింది. పెట్టెలను రెండు భాగాలు చేసి ముందువాటిని లాగబోతే, వెనకవి జారిపోయి, ఇవ్వాల్సిన వ్యవధి ఇచ్చాకే వదిలిన వెనక బండిని గుద్దాయి. దాదాపు 80 మంది పోయారు. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల రైళ్లకు బ్లాక్ పద్ధతిని తప్పనిసరి చేసింది. అంటే లైనును బ్లాకులుగా విభజించి, ఒక బ్లాకులో ఒకసారి ఒకే బండి ఉండాలి. మన దగ్గరికొస్తే, నిజాం రైలు బెజవాడ చేరిందీ ఆ 1889లోనే.

పాతరోజుల్లో మన స్టేషన్ మాస్టర్లలో చాలామంది తంతి కొట్టడం నేర్చి ఈ పనిలోకి వచ్చినవాళ్లే. మిగతాది పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకునేవారు. తర్వాత తరగతి గదులు, మోడల్ రూములు వచ్చాయి. మౌలాలి రైల్వే శిక్షణ కేంద్రంలో చదివినవారు ఈ సభలో చాలామందే ఉన్నారు. లైన్ క్లియర్, అంటే బండి పంపేందుకు పక్క స్టేషన్ అనుమతి, అడగడం, ఇవ్వడం, దానికి రుజువుగా ప్రైవేట్ నంబర్లు మార్చుకోవడం, ఆఖరి పెట్టె వెనక ఎల్‌వీ (లాస్ట్ వెహికల్) బోర్డు కంటితో చూసేదాకా బండి పూర్తిగా వచ్చిందని రాయకపోవడం అక్కడ నేర్పుతారు. చివరిది మరీ చిన్న విషయమనిపిస్తుంది. 1995 ఆగస్టు 20 తెల్లవారుజామున ఫిరోజాబాద్ దగ్గర నీల్‌గాయ్‌ను ఢీకొని కాళింది ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. అది దాటిందో లేదో నిర్ధారించుకోకుండా అదే లైనులోకి పురుషోత్తం ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చారు. 300 మందికి పైగా చనిపోయారు. ఆ బోర్డు చూడటమెందుకని అడిగిన ప్రతి విద్యార్థికీ ఈ తేదీ చెప్పాలి.

ఒక సెక్షన్‌లోని బండ్లన్నిటి రాకపోకలను నడిపించే సెక్షన్ కంట్రోలర్ చదువు వేరు. స్టేషన్ మాస్టర్లలోంచి, ఒకప్పుడు గార్డులని పిలిచిన ట్రెయిన్ మేనేజర్లలోంచి ఎంపికైనవారు ముందు తమ సెక్షన్‌ను ఇంజను ఎక్కి చూస్తారు. ఏ లూప్ లైనులో ఎంత పొడవు గూడ్సు పడుతుందో, ఏ ఎత్తులో బరువు బండి నెమ్మదిస్తుందో తెలియాలి. ఒకప్పుడు చెవికి హెడ్‌ఫోను, చేతిలో పెన్సిలు. కాలం ఒకవైపు, స్టేషన్లు ఒకవైపు ఉన్న చార్టులో ప్రతి బండికీ ఒక ఏటవాలు గీత. రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో ముందే ఊహించి క్రాసింగు నిర్ణయించాలి. డ్యూటీ ఆరు గంటలే. అంతకుమించి ఆ ఏకాగ్రత నిలవదు.

ఇప్పుడు కంప్యూటరే చార్టు గీస్తోంది. స్టేషన్‌లో సిగ్నళ్లు నడిపే ప్యానెల్ తప్పు దారిని ఒప్పుకోదు. ఇవి మంచి మార్పులు. కానీ సిగ్నలు పాడైన రాత్రి, ఆలస్యమవుతోందని అందరూ తొందరపెడుతున్నప్పుడు, కాగితం మీద అధికారపత్రం రాసి బండి కదిలించాల్సింది మనిషే. యంత్రాలు మెరుగైనకొద్దీ అలాంటి రాత్రులు తగ్గుతాయి, దాంతో అలవాటూ తప్పుతుంది. అందుకే సిమ్యులేటర్ మీద మామూలు పనికంటే అసాధారణ పరిస్థితులకే ఎక్కువ గంటలు కేటాయించాలి. మనుషులు చాలడం లేదన్న కారణంతో ఎవరి రిఫ్రెషర్ కోర్సునూ వాయిదా వేయవద్దని ఇక్కడున్న అధికారులను చేతులు జోడించి కోరుతున్నాను.